సందేహాలు – సమాధానాలు: పచ్చబొట్టు, ప్రతీక, సంకేతం

సందేహం: నేను టాటూ స్టూడియోలో పనిచేస్తాను. జంతువుల బొమ్మలకు తెలుగులో చిన్న చిన్న వివరణలు రాసే పని నాకు అప్పగించారు. ‘టాటూ’ అని రాయాలా, ‘పచ్చబొట్టు’ అని రాయాలా? ఎర్ర రంగు బొమ్మను కూడా పచ్చబొట్టు అంటే తప్పు కాదా? ‘పొడిచించుకోవడం’, ‘పొడిపించుకోవడం’ – వీటిలో ఏది సరైనది? ‘సింహం ధైర్యం యొక్క చిహ్నం’, ‘తోడేలు విధేయతకు సంకేతం’, ‘గుడ్లగూబ జ్ఞానానికి ప్రతీకం’ అని రాశాను. చివరి వాక్యం చూసి మా పెద్దమ్మ ‘గుడ్లగూబకి జ్ఞానమేమిటే?’ అంది. అప్పటినుంచి ఒకటే టెన్షన్. చిహ్నం, సంకేతం, ప్రతీక – మూడూ ఒకటేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీ పెద్దమ్మగారి ప్రశ్న చాలా విలువైనది. దాని దగ్గరికి చివర్లో వస్తాను. ముందు పేరు సంగతి.

ఏ రంగులో ఉన్నా పచ్చబొట్టు పచ్చబొట్టే. నల్లబల్లకు ఆకుపచ్చ రంగు వేసినా దాన్ని నల్లబల్ల అనే అంటున్నాం కదా. రెండు మాటలు కలిసి ఒక వస్తువుకు పేరుగా స్థిరపడ్డాక, ఆ మాటల విడి అర్థాన్ని ప్రతిసారీ సరిచూసుకోనక్కర్లేదు. అయితే ఈ పేరు పెట్టినవాళ్లు రంగును గమనించే పెట్టారు. సూదితో చర్మం లోపలి పొరలోకి దించేది మసి లాంటి నల్లటి పదార్థమే. కానీ పైనున్న చర్మం గుండా చూస్తాం కాబట్టి అది నల్లగా కనిపించదు. వెలుగులోని ఎరుపు లోతుగా దిగి ఆ నలుపులో ఇంకిపోతుంది. నీలం వైపు రంగులు మాత్రం చర్మంలోనే చెదిరి వెనక్కి వస్తాయి. అందుకే మరక నీలిపచ్చగా తేలుతుంది. చేతి మీద రక్తనాళాలు నీలిపచ్చగా కనిపించడానికీ ఇలాంటి కారణమే. పైగా తెలుగులో ‘పచ్చ’ చాలా విశాలమైన మాట. ఆకుపచ్చలోనూ అదే, పసుపుపచ్చలోనూ అదే, పచ్చకామెర్లలోనూ అదే. నీలం కలిసిన ఆ మసక రంగుకు కూడా అందులో చోటు దొరికింది.

‘బొట్టు’ కూడా ఆలోచించి పెట్టిన మాటలా ఉంటుంది. బొట్టంటే నీటిచుక్క, నుదుటి మీద పెట్టుకునే చుక్క కూడా. సూది దిగిన ప్రతిచోటా ఒక సిరాబొట్టు, పైకి ఒక చుక్క. మీ స్టూడియోలో మెషీన్‌తో వేసే పెద్దపులి కూడా దగ్గరికి వెళ్లి చూస్తే లెక్కలేనన్ని బొట్ల కూర్పే.

‘టాటూ’ పుట్టుక వేరు. 1769లో ఇంగ్లిష్ నావికుడు కెప్టెన్ కుక్ ఓడ పసిఫిక్ సముద్రంలోని తాహితీ దీవికి చేరింది. అక్కడివాళ్లు ఒంటిమీద వేసుకునే బొమ్మలకు వాడే మాటను ఆయన తన దినచర్యలో రాసుకున్నాడు. అదే ఇంగ్లిష్‌లోకి వెళ్లి, అక్కడినుంచి మనదాకా వచ్చింది. తాహితీ ఉన్న ఆ పసిఫిక్ దీవుల ప్రాంతాన్ని పాలినేషియా అంటారు. అక్కడి భాషల్లో మూలరూపం ‘తతావ్’. అందులోని ‘తా’కు కొట్టడం అని అర్థం. అక్కడి పనిముట్టుకు దువ్వెనలా పళ్లుంటాయి. దాన్ని చర్మం మీద ఆనించి చిన్న కర్రతో తడుతూ పోతారు. జపాన్‌వాళ్ల ‘ఇరెజుమి’కి సిరాను లోపలికి పంపడం అని అర్థం. ఒకరు దెబ్బను చూసి పేరు పెట్టారు, ఒకరు సిరాను చూసి పెట్టారు. మనవాళ్లు పని అయిపోయాక ఒంటి మీద మిగిలేదాన్ని చూసి పెట్టారు. ఈ తేడా నాకు ఎంతో ఇష్టం.

ఇక మీరు ఏది రాయాలి? పచ్చబొట్టు అంటే ఈకాలం చదువరికి చిన్న చుక్కలు, గీతలు, పేర్లు తోస్తాయి. టాటూ అంటే భుజం నిండా, వీపు నిండా పరుచుకున్న బొమ్మ తోస్తుంది. వాడుక ఇలా విడిపోతున్న మాట నిజమే. అయినా పచ్చబొట్టును పాతసామానులా మూలన పెట్టవద్దని నా కోరిక. శీర్షికలో టాటూ అనండి, వివరణలో పచ్చబొట్టు అనండి. రెండూ పక్కపక్కన కనిపిస్తుంటే చదివేవాళ్లకు రెండూ ఒకటే అవుతాయి.

క్రియ విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. టాటూ వేస్తారు, వేయించుకుంటారు. పచ్చబొట్టు పొడుస్తారు, పొడిపించుకుంటారు. పిలుచు – పిలిపించు, నడుచు – నడిపించు, విడుచు – విడిపించు అయినట్టే పొడుచు – పొడిపించు. ‘పొడిచించు’ ఈ వరసలో ఇమడదు. ‘గీయించుకున్నాడు’ అంటే చర్మం పైపైన గీసినట్టు ఉంటుంది, లోపలికి దిగినట్టు ఉండదు. ఇంకొక చిక్కు: ‘వీపు మీద పులిని పొడిపించుకున్నాడు’ అని రాయకండి. ‘ని’ చేరేసరికి అది నిజం పులి అయిపోయి, దాన్ని ఎవరో కత్తితో పొడిచినట్టు అర్థం వస్తుంది. ‘పులి బొమ్మ పొడిపించుకున్నాడు’ అనాలి. అలాగే ‘సింహం వీపు మీద టాటూ’ అంటే వీపు ఎవరిదో తేలదు. ‘వీపు మీద సింహం టాటూ’ అంటే తేలుతుంది.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. తెలుగులో పొడవడం అంటే గాయం చేయడం ఒక్కటే కాదు. పొద్దు పొడుస్తుంది, చుక్క పొడుస్తుంది. కనిపించనిది కనిపించేలా పైకి రావడం అక్కడి అర్థం. పొడుపుకథలోనూ ఆ ‘పొడుపు’ ఉంది. జంతువు పచ్చబొట్టుకు ఈ పోలిక చక్కగా సరిపోతుందనిపిస్తుంది. చేతి మీద తాబేలు పైకి కనిపిస్తుంది. దాని విప్పు మాత్రం వేయించుకున్నవాళ్ల దగ్గరే ఉంటుంది.

మీ అసలు ప్రశ్న ఈ విప్పు గురించే. చిహ్నం, సంకేతం, ప్రతీక ఒకటి కావు. వాటితోపాటు మీరు మరిచిపోయిన నాలుగో మాట ఒకటుంది: గుర్తు.

‘సంకేతం’లో ఒప్పందం ఉంది. ఇద్దరు ముందుగా అనుకుని కలుసుకునే చోటును సంకేతస్థలం అంటారు. ముందుగా అనుకోకపోతే సంకేతం లేదు. పడమటి దేశాల నావికుల పచ్చబొట్లలో దీనికి మంచి ఉదాహరణలున్నాయి. వాళ్లలో స్వాలో అనే చిన్న పిట్ట బొమ్మకు 5,000 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 9,260 కిలోమీటర్లు, ప్రయాణం చేశాడని అర్థం. రెండు పిట్టలుంటే 10,000. తాబేలు ఉంటే ఓడలో భూమధ్యరేఖ దాటాడని అర్థం. పిట్టను ఎంతసేపు చూసినా 5,000 అనే అంకె దానిలోంచి రాదు. అది వాళ్ల మధ్య కట్టుబాటు. కాబట్టి ఇక్కడ ‘సంకేతం’ అనడమే సరి. ఆ నావికులే ఒక పాదం మీద పందిని, మరో పాదం మీద కోడిపుంజును వేయించుకునేవారు. ఓడ మునిగినా తాము మునగకూడదని. పందుల్నీ కోళ్లనీ ఉంచే చెక్కపెట్టెలు నీళ్ల మీద తేలేవి, అందుకే ఈ నమ్మకం పుట్టిందని చెబుతారు. వాటిని సంకేతం అనలేం, ప్రతీక అనీ అనలేం. అవి రక్ష. మన భాషలో ఇంత చక్కని మాట ఉండగా వేరే మాట వెతకడం ఎందుకు?

‘ప్రతీక’ వేరు. జంతువు స్వభావంలోంచే అర్థం పుట్టినప్పుడు అది ప్రతీక. సింహం ఎదురుతిరిగి నిలబడుతుంది కాబట్టి ధైర్యానికి ప్రతీక. పాము కుబుసం విడుస్తుంది కాబట్టి కొత్తగా మొదలుపెట్టడానికి ప్రతీక. ఒప్పందం తెలియనివాడికి కూడా కొంచెం వివరిస్తే ఇది అందుతుంది. తెలుగులో రూపం ‘ప్రతీక’, బహువచనం ‘ప్రతీకలు’. ‘ప్రతీకం’ అనకండి. ‘ధైర్యం యొక్క’ అని కూడా అనకండి. ‘ధైర్యానికి ప్రతీక’ అంటే చాలు. ఆ ‘యొక్క’ ఇంగ్లిష్ వాక్యం నీడ.

‘చిహ్నం’ ఒక గుంపుకో సంస్థకో రాజ్యానికో చెందినవాళ్లమని చూపేది. సైనికుడు తన దళం ముద్రలోని డేగను భుజం మీద వేయించుకుంటే అది చిహ్నం. ‘గుర్తు’ మాత్రం మనసుకు చాలా దగ్గరి మాట. గుర్తంటే ముద్ర, గుర్తంటే జ్ఞాపకం. రెండిటికీ ఒకే మాట ఉండటం తెలుగు అదృష్టం. చనిపోయిన పెంపుడు కుక్క పాదముద్రను మణికట్టు మీద పొడిపించుకున్న అమ్మాయి విషయంలో ‘విశ్వాసానికి ప్రతీక’ అని రాస్తే ఆ కుక్క ఏ కుక్కయినా కావచ్చు. ‘తన కుక్క గుర్తు’ అని రాస్తే అది ఆ ఒక్క కుక్కే.

ఒప్పందం తెలిసినవాళ్లు పోతే సంకేతం ఏమవుతుంది? ఈజిప్టులోని గెబలైన్‌లో దొరికిన ఒక మనిషి దేహం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. వయసు 5,000 ఏళ్ల పైమాటే. అతని చేతి మీది మసక మరక నిజానికి పచ్చబొట్టని 2018లో వెల్లడించారు. పరారుణ కాంతిలో చూస్తే అందులో ఒక అడవి ఎద్దు, పెద్ద కొమ్ముల అడవి గొర్రె బయటపడ్డాయి. వాటి పక్కన అర్థం రాసి లేదు. కొమ్ముల్ని బట్టి బలానికి ప్రతీకలై ఉండవచ్చని ఊహించగలం. ఏదైనా సంకేతమై ఉంటే అది అతనితోనే పోయింది.

ఇప్పుడు మీ పెద్దమ్మగారి గుడ్లగూబ. గ్రీకులు జ్ఞానదేవత ఎథీనా పక్కన గుడ్లగూబను నిలిపారు. ఏథెన్స్ నాణేల మీద కూడా ముద్రించారు. ‘జ్ఞానం’ అక్కడినుంచి వచ్చింది. తెలుగులో మాత్రం ‘గుడ్లగూబలా ఆ చూపేమిటి’ అంటాం. తెలుగు మాటలోంచి జ్ఞానం పుట్టలేదు కాబట్టి మీ పెద్దమ్మగారి చెవికి అది అతకలేదు. ఆవిడ తప్పేమీ లేదు, గ్రీకుల తప్పూ లేదు. తప్పల్లా వాక్యంలో ‘ఎవరికి’ అన్నది లేకపోవడమే. నక్క సంగతి కూడా ఇంతే. ‘నక్కజిత్తులు’ అనే భాషే ‘నక్కతోక తొక్కాడు’ అని అదృష్టాన్నీ దానికే ముడిపెట్టింది. ఒకే భాషలో ఇన్ని అర్థాలుంటే, భాష దాటాక ఒకే అర్థం నిలుస్తుందా? డ్రాగన్‌నే తీసుకోండి. యూరప్ కథల్లో అది వీరుడు చంపాల్సిన మృగం. చైనా, జపాన్‌లలో నీటికి, శుభానికి చెందిన ప్రాణి. పసుపు నదిలో ఎదురీది, ‘డ్రాగన్ ద్వారం’ దగ్గరి జలపాతం ఎక్కిన చేప డ్రాగన్ అవుతుందని చైనా కథ. జపాన్ పచ్చబొట్లలో కోయి చేప పట్టుదలకు ప్రతీక అయింది ఈ కథవల్లే. దీన్ని తెలుగు చేయాలని ‘మకరం’ అనో ‘రెక్కల పాము’ అనో రాయకండి. డ్రాగన్‌ని డ్రాగన్‌గానే ఉంచండి.

పసిఫిక్ దీవుల్లోనే ఉన్న సమోవాలో ఇంకొక విశేషం ఉంది. అక్కడి మగవాళ్లకు నడుము నుంచి మోకాళ్ల దాకా వేసే పచ్చబొట్టును ‘పెఆ’ అంటారు. ఆ భాషలో పండ్లు తినే పెద్ద గబ్బిలానికీ అదే పేరు. జంతువు బొమ్మకు అర్థం వెతకడం మనం ఎరుగుదుం. ఇక్కడ పచ్చబొట్టు పేరే జంతువు పేరు.

భావాల పేర్లు కూడా ఒకసారి చూసుకోండి. విధేయత అంటే చెప్పినమాట వినడం. తోడేలు మీద మనుషులకున్న అభిమానం అందుకు కాదు, గుంపును విడవకపోవడానికి. సీతాకోకచిలుకకు ‘పునర్జన్మ’ అని రాస్తారు. పునర్జన్మ చావు తర్వాతి సంగతి. గొంగళిపురుగు చావలేదు, రూపం మారింది. ప్రాచీన గ్రీకులో ‘సైకీ’ అన్న ఒక్క మాటకే ఆత్మ, సీతాకోకచిలుక అని రెండర్థాలున్నాయి. ఆ ఆత్మ సంగతి చెప్పదలిస్తే గ్రీకుల పేరు తీసి చెప్పండి. లేకపోతే ‘మార్పుకు ప్రతీక’ చాలు.

మీ మూడు వాక్యాల్నీ నేనైతే ఇలా రాస్తాను. ‘సింహం: ధైర్యానికి ప్రతీక.’ ‘తోడేలు: తనవాళ్లను విడవని గుణానికి ప్రతీకగా చాలామంది పొడిపించుకుంటారు.’ ‘గుడ్లగూబ: ప్రాచీన గ్రీకులకు ఇది జ్ఞానానికి ప్రతీక.’ మూడోదాన్ని మీ పెద్దమ్మగారికి మళ్లీ చదివి వినిపించండి. ఆవిడ ఏమన్నారో నాకు రాయండి.