కంటికి ఆనని మంట

చి. శ్రీనుకి మావయ్య దీవెనలు.

మీ సికింద్రాబాద్ ఆర్మీ యూనిట్‌లో లంగర్‌లో, అదే జవాన్ల వంటశాలలో, వాడేసిన నూనెతో బయోడీజిల్ తీసి జనరేటర్ నడుపుతారట, ఆ పని నీకే అప్పగించారట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే వీధిలో నలుగురికీ చెప్పుకొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నూనె వడకట్టు, కాచి తడి పోగొట్టు, మడ్డి వేరు చెయ్యి. ఇవి నీకు తెలిసినవే. పూరీలు వేగిన నూనె, చేపలు వేగిన నూనె ఒకటి కాదు. ప్రతి డబ్బాకీ టైట్రేషన్ చెయ్యి, నూనెలో ఆమ్లం ఎంతుందో, కాస్టిక్ సోడా ఎంత కలపాలో అదే చెబుతుంది. పోలార్ కాంపౌండ్లు, అంటే మళ్లీ మళ్లీ కాచితే నూనెలో పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటిన నూనెతో వండకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన రూలు 2018లో అమల్లోకి వచ్చింది. మా రోజుల్లో తారులా నల్లబడేదాకా పకోడీలే! అలాంటి నూనెకి లెక్క చూడకుండా కాస్టిక్ సోడా కలిపితే డీజిల్ రాలేదు, సబ్బొచ్చింది. నెల్లాళ్లు దాంతోనే బండ్లు కడిగాం. మా కమాండింగ్ ఆఫీసర్, సీవో సాబ్ మాత్రం నవ్వలేదు.

అది నవ్వుకునే తప్పు. రెండోది మీ అత్తయ్యకి కూడా పూర్తిగా చెప్పలేదు.

2009, మే నెల. 100 లీటర్ల నూనెకి 20 లీటర్ల మెథనాల్, నూనెని డీజిల్‌గా మార్చే స్పిరిట్ అది. 60 డిగ్రీల దగ్గర ఉంచాలి, 65కి ముందే మెథనాల్ మరుగుతుంది. మధ్యలో హీటర్ కాలిపోయింది. సాయంత్రానికి శాంపిల్ చూపిస్తానని మాటిచ్చేశానాయె. డ్రమ్ముని లంగర్ భట్టీ దగ్గరికి జరిపించాను. మూత పట్టుకున్న కుర్రాడు మన కడప వైపు వాడే. "సాబ్, చెయ్యి మండుతోంది" అన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండ. చూస్తే పొగ లేదు, మంట లేదు. "కాస్టిక్ పడుంటుంది, కడుక్కో పో" అని కసిరాను. వాడి చేతి మీద వెంట్రుకలు ముడుచుకుపోతుంటే చూస్తూ కూడా కసిరానురా! పట్టపగలు మెథనాల్ మంట కంటికి ఆనదు. చొక్కా మోచేతి దగ్గర నల్లబడ్డాక గాని నాకు బుర్ర వెలగలేదు. తడి గోనెసంచి చుట్టాం. నెలన్నర ఆసుపత్రిలో ఉన్నాడు. విచారణలో నా పేరు చెప్పలేదు.

హీటర్ పోతే పని ఆపెయ్, అంతే. ఎంత పెద్ద సాబైనా నాలుగు రోజులు ఆగుతాడు. మెథనాల్‌కి తాళం, రిజిస్టరు ఉండాలి. నీళ్ల సీసాలో పోశావంటే నీ చెవి మెలేస్తాను. తెలియక గుక్కెడు తాగినవాడి కళ్లు పోతాయి, ప్రాణమూ పోవచ్చు.

జనరేటర్‌కి ముందు మామూలు డీజిల్‌లో బయోడీజిల్ కొద్ది పాళ్లే కలుపు. పాత ట్యాంకులో మురికినంతా అది కడిగి ఫిల్టర్లోకి తోస్తుంది, రెండు ఫిల్టర్లు స్పేర్ పెట్టుకో. బయోడీజిల్ నాణ్యతకి ఉన్న ఐఎస్ 15607 పరీక్ష పాసయ్యేదాకా జీపుల జోలికి వెళ్లకు.

అత్తయ్య సున్నుండలు పంపుతోంది. పార్సిల్లో అడుగున కళ్లద్దాలు, మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లవ్స్ పెట్టాను. రెండు జతలు. ఒకటి నీకు, ఒకటి నీ పక్కన మూత పట్టుకునేవాడికి.

మావయ్య