కోత చిన్నదే, కానీ ట్యాక్సీ ఎన్నాళ్లు ఆగుతుంది?

ప్రశ్న: వయసు 41, సొంత ట్యాక్సీ నడుపుతాను. నడుములో ఎల్4-ఎల్5 డిస్క్ (ఆ రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు) జారి రెండు నెలలుగా కాలు లాగేస్తోంది. ఒక డాక్టర్ సన్న ట్యూబ్ పెట్టి డిస్క్ ముక్క తీసేస్తే చాలన్నారు, ఇంకొకరు స్క్రూలు వేసి ఫ్యూజన్ (రెండు వెన్నుపూసల్ని కలిపి అతికించడం) చేయాలన్నారు. రెండూ చిన్న కోతతో చేసే కీహోల్ సర్జరీలే. ఇన్సూరెన్స్ మొత్తానికి సరిపోదు. ఎలాగూ వారంలో బండెక్కేస్తాను కాబట్టి పర్సనల్ లోన్ తీసుకుని, మిగతాది క్రెడిట్ కార్డు మీద కానిద్దామనుకుంటున్నాను. ఏ లోన్ మంచిది?

జవాబు: ఏ లోన్ మంచిదో నేను చెప్పను. వారంలో బండెక్కుతానన్న లెక్కే తప్పు, ఈ తప్పు చాలామంది చేస్తున్నారు కాబట్టే మీ ప్రశ్న తీసుకున్నాను.

డిస్క్ ముక్క తీయడానికి కోత రెండు మూడు సెంటీమీటర్లే, చాలామందిని అదే రోజో మర్నాడో ఇంటికి పంపేస్తారు, అంతవరకు నిజమే. కానీ ఇంటికి రావడం వేరు, రోజంతా స్టీరింగ్ ముందు కూర్చుని, ప్యాసింజర్ సూట్‌కేసు వంగి ఎత్తి డిక్కీలో పెట్టడం వేరు. ఎక్కువసేపు కూర్చోవద్దు, వంగొద్దు, బరువులెత్తొద్దు అనేవి మొదటి వారాల్లో చాలామంది సర్జన్లు చెప్పే మాటలే, మీ పనిలో ఆ మూడూ ఉన్నాయి. డిస్క్ ముక్క తీయడమే అయితే కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు ఆదాయం లేదనుకోండి. ఫ్యూజన్ అయితే ఎముక అతుక్కోవడానికే నెలలు పడుతుంది, మూడు నెలల పైనే లెక్క వేసుకోండి. ఈ వారాల్లో ఇంటి ఖర్చు, బండి వాయిదా ఎవరు కడతారు? మీరు ఇంత రాశారు, అందులో పొదుపు అన్న మాటే లేదు. నన్ను భయపెట్టింది అదే. ఆరు నెలల ఖర్చు విడిగా ఉండాలని నేను చెప్పి చెప్పి అలసిపోయేది ఇలాంటి రోజు కోసమే. అది లేకుండా లోన్ తీసుకుంటే మొదటి ఈఎంఐ మీరు మంచం మీద ఉండగానే వస్తుంది, దాన్ని కట్టడానికి కార్డు గీకుతారు. ఆపరేషన్‌కి క్రెడిట్ కార్డు వద్దే వద్దు!

ఇంకోటి, మీ దగ్గరున్నవి ఒకే ఆపరేషన్‌కి రెండు రేట్లు కావు, రెండు వేర్వేరు ఆపరేషన్లు. వెన్నుపూస జారిందా, కదులుతోందా, స్క్రూలు ఎందుకు కావాలి అని రెండో డాక్టర్ని సూటిగా అడగండి, అవసరమైతే మూడో సర్జన్‌కి ఎమ్మారై చూపించండి. స్క్రూలుంటే బిల్లులో ఇంప్లాంట్ల ఖర్చు అదనంగా ఉంటుంది, దానికి పాలసీలో పరిమితి ఉందేమో ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. హాస్పిటల్ వడ్డీ లేని వాయిదాలిస్తుందేమో కూడా కనుక్కోండి.

డిస్క్ వల్ల వచ్చే కాలినొప్పి చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. మీకింకా రెండు నెలలే అయింది. ఆగొచ్చా అని డాక్టర్ని అడగండి, సరేనంటే ఆ వారాల్లో వీలైనంత పక్కన పెట్టండి. పాదం పైకి లేవకపోయినా, మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా మాత్రం ఇవేవీ చూడకుండా ఆ గంటలోనే ఎమర్జెన్సీకి వెళ్లండి, అప్పు చేసైనా సరే.