ముసలాయన ఎక్కడ ఏడ్చాడు?

చిరంజీవికి,

జపాన్ సినిమా దర్శకుడు యసుజిరో ఓజు మీద నీ వ్యాసం అందింది. అక్షరదోషాలు లేవు, సంతోషం. కానీ నాలుగో పేజీలో, ఆయన సినిమా 'టోక్యో స్టోరీ'లో భార్య పోయాక ముసలాయన భోరుమన్నాడని రాశావు. ఎక్కడ భోరుమన్నాడయ్యా? వాళ్ళ ఊరు ఒనోమిచిలో ఆ తెల్లవారుజామున ముసలాయన ఒక్కడే బయటికొచ్చి నిలబడతాడు. వెతుక్కుంటూ వచ్చిన కోడలితో, యుద్ధంలో పోయిన కొడుకు భార్య, తెల్లారడం ఎంత బాగుందో అంటాడు. ఇవాళ కూడా ఎండ దంచేట్టుందంటాడు. అంతే. ఆ ఏడుపు నీది, తీసుకెళ్ళి ఆయనకు అంటగట్టావు.

ఎన్నో ఏళ్ళుగా అందరితో మొత్తుకుంటున్నాను: కథలో అన్నిటికన్నా పెద్ద ఘటన ఏదో చూసుకో, దాన్నే తీసెయ్యి. ఓజు 'లేట్ స్ప్రింగ్' (1949) మొత్తం కూతురి పెళ్ళి గొడవే. పెళ్ళికొడుకు కనపడడు, పెళ్ళీ కనపడదు. తండ్రి ఖాళీ ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చుని ఆపిల్ చెక్కు తీస్తాడు. చెక్కు పొడుగ్గా వేలాడి వేలాడి తెగి పడుతుంది. చెయ్యి ఆగుతుంది, తల వాలుతుంది. అక్కడ గట్టిగా ఏడవమని ఓజు అడిగాడనీ, తనవల్ల కాదన్నాననీ నటుడు చిషు ర్యు తర్వాత చెప్పాడు. ఓజు అంతటివాడికే ఆ టెంప్టేషన్ తప్పలేదు!

నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఓ పెళ్ళి కథ రాశాను. పెళ్ళయిన మర్నాడు తండ్రి, పందిరి విప్పే కూలీలతో గుంజలు లెక్కపెట్టిస్తుంటాడు. అదే కథ. అప్పగింతలు లేని పెళ్ళి కథేమిటని ఓ వారపత్రిక ఎడిటరు గారు, నాకు మాటమాత్రం చెప్పకుండా, అరపేజీ ఏడుపు కలిపి అచ్చేశారు. మా ఊళ్ళో అందరూ ఆ అరపేజీనే మెచ్చుకున్నారు. ఆయన పోయి చాలాకాలమైంది, నా కోపం పోలేదు.

ఇక నీ మొదటి పేజీ నిండా ర్యాంకులే. 2012లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక దర్శకులను అడిగితే 'టోక్యో స్టోరీ' మొదటి స్థానంలో నిలిచింది, నిజమే. అది 1953 నాటి సినిమా అని కూడా రాయాలిగా. 1951లో వెనిస్ చిత్రోత్సవంలో దర్శకుడు కురొసావా 'రషోమన్' గెలిచాక జపాన్ సినిమాలు ఒక్కొక్కటే విదేశాలకు వెళ్ళాయి. ఓజువి మాత్రం మరీ జపాన్ ఇళ్ళ సంగతులు, బయటివాళ్ళకేం అర్థమవుతాయని ఎక్కువగా ఇంట్లోనే అట్టిపెట్టారు. న్యూయార్క్ థియేటర్లలోకి 'టోక్యో స్టోరీ' వచ్చేసరికి 1972. ఓజు 1963లోనే, సరిగ్గా అరవయ్యో పుట్టినరోజున పోయాడు. నువ్వేమో కథకు 'యూనివర్సల్ అప్పీల్' ఎలా తేవాలని అడుగుతున్నావు! ఏ వర్క్‌షాపులో అంటించారో నీకీ జబ్బు.

వ్యాసం ఒక్క రాత్రిలో పూర్తిచేశానని గొప్పగా రాశావు. ఓజు, కోగో నోడా కలిసి 'టోక్యో స్టోరీ' స్క్రిప్టు రాయడానికి 103 రోజులు, 43 సీసాల సాకే (బియ్యంతో చేసే మద్యం) పట్టిందని లెక్క రాసిపెట్టుకున్నారు. సీసాల సంగతి వదిలెయ్, రోజులు చూడు.

ర్యాంకులు కొట్టెయ్. భోరుమనడం కొట్టెయ్. ఓజు మొదటి కలర్ సినిమా 'ఈక్వినాక్స్ ఫ్లవర్'లో నేలమీద ఉండే ఎర్ర కెటిల్ గురించి రాసిన మూడు వాక్యాలూ ఉంచు, అవి నువ్వు కళ్ళతో చూసి రాసినవి. పబ్లిషరు ఎవరు, డబ్బెంత ఇస్తారు లాంటివి నన్నడగకు. మళ్ళీ పంపేటప్పుడు కవరుకు సరిపడా స్టాంపులు అంటించు. ఈసారి పోస్ట్‌మాన్‌కి డబ్బులు నేను కట్టాను.