డాక్టర్ సలహా: నార్మల్ అవుతుందనుకుంటే సిజేరియన్ చేశారు.. పొరపాటు నాదేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ! నాకు 27 ఏళ్లు. నాలుగు నెలల కిందట మొదటి కాన్పు అయింది. నార్మల్ డెలివరీ కావాలని రోజూ నడిచాను, యోగా చేశాను, ప్రసవ శిక్షణ తరగతులకూ వెళ్లాను. 41 వారాలు నిండినా నొప్పులు రాకపోవడంతో ఆసుపత్రిలో చేర్చుకుని మందు పెట్టారు. 18 గంటలు నొప్పులు పడ్డాను. ముఖద్వారం 6 సెంటీమీటర్లు తెరుచుకున్నాక ఉమ్మనీరు పచ్చగా వచ్చింది. బిడ్డ గుండె వేగం పడిపోతోందంటూ అప్పటికప్పుడు థియేటర్‌కు తీసుకెళ్లి ఆపరేషన్ చేశారు. ఎవరూ నాకేమీ వివరించలేదు. పాప 3.1 కిలోలు పుట్టింది. ఊపిరి సరిగా తీసుకోవడం లేదని రెండు రోజులు ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉంచారు. ఇప్పుడు పాప ఆరోగ్యంగానే ఉంది, నేనే బాగాలేను. ఆ మెషీన్ శబ్దం చెవిలో మోగినట్లై రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాను. పాపను మొదటిసారి చేతికిచ్చినప్పుడు నాకేమీ అనిపించలేదు. ‘నొప్పులు ఓర్చుకోలేక కోయించుకుంది’ అని మా అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు. ఆ ఆపరేషన్ నిజంగా అవసరమేనా? నేనేం పొరపాటు చేశాను? రెండో కాన్పయినా నార్మల్ అవుతుందా? వెన్నులో ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ వల్ల జీవితాంతం నడుము నొప్పి ఉంటుందంటున్నారు. నిజమేనా?
– ఓ సోదరి, హనుమకొండ

సమాధానం: మీ అత్తగారి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే వైద్యపరంగా అది తప్పు. నొప్పులు ఓర్చుకోలేని మనిషి 18 గంటలు లేబర్ రూములో ఉండి 6 సెంటీమీటర్ల దాకా రాదు. పైగా మందు పెట్టి తెప్పించిన నొప్పులు, వాటంతట అవి వచ్చే నొప్పుల కంటే చాలామందికి ఎక్కువ బాధ పెడతాయి. మీకు ఆపరేషన్ చేసింది బిడ్డ గుండె వేగం తగ్గినందుకు. మీ ఓర్పుకూ దానికీ సంబంధం లేదు. ఈ మాటలు ఆవిడకు చదివి వినిపించడానికి మీకు మొహమాటమైతే మీవారితో చదివించండి. నిజానికి వచ్చినవాళ్ల ముందు ఆ మాట అనకుండా ఆపాల్సిన బాధ్యత కూడా ఆయనదే.

ఇక ఆపరేషన్ అవసరమా అన్న మీ అనుమానం. దాన్ని తీసిపారేయను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి 100 ప్రసవాల్లో దాదాపు 61 సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రులను మాత్రమే చూస్తే 81కి పైనే. ఆంధ్రప్రదేశ్‌లో 42, దేశం మొత్తం మీద 21.5. ఒక జనాభాలో సిజేరియన్లు 10 శాతం దాటాక, వాటిని ఇంకా పెంచినందువల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ముహూర్తం పెట్టుకుని వచ్చి కోయమనే కుటుంబాలున్నాయి, అర్ధరాత్రి దాకా నొప్పుల దగ్గర కూర్చునే ఓపిక లేక కోసే డాక్టర్లూ ఉన్నారు. ఈ అంకెలకు జవాబు చెప్పుకోవాల్సింది మా వృత్తి. థియేటర్ బల్ల మీద పడుకున్న తల్లి కాదు.

అయితే మీరు రాసిన వివరాలు చూస్తే మీది ఆ కోవలోదిలా లేదు. 41 వారాలు నిండాక నొప్పులు తెప్పించడం సరైన పద్ధతే. ఆ తర్వాత ఆగేకొద్దీ మాయ పనితీరు మందగించి, బిడ్డ కడుపులోనే చనిపోయే ముప్పు పెరుగుతుంది. ఉమ్మనీరు పచ్చబడిందంటే బిడ్డ లోపలే మలవిసర్జన చేసిందన్నమాట. రోజులు పైబడిన కాన్పుల్లో ఇది తరచూ కనిపిస్తుంది, అదొక్కటే ఉంటే కోత అక్కర్లేదు. దానికి గుండె వేగం పడిపోవడం తోడైతే లెక్క మారుతుంది. బిడ్డ గుండె మామూలుగా నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలి. నొప్పి వచ్చినప్పుడు కాస్త తగ్గి, నొప్పి పోగానే తేరుకుంటే భయం లేదు. తేరుకోకుండా కిందికే పోతుంటే తల్లిని ఎడమ పక్కకు తిప్పుతాం, నొప్పులు పెంచే మందు ఆపుతాం, సెలైన్ ఎక్కిస్తాం. అప్పటికీ పుంజుకోకపోతే బిడ్డను త్వరగా బయటికి తీయాలి. ముఖద్వారం పూర్తిగా, అంటే 10 సెంటీమీటర్లు తెరుచుకుని తల బాగా కిందికి దిగి ఉంటే వ్యాక్యూమ్‌తోనో ఫోర్‌సెప్స్‌తోనో కింది నుంచే తీయవచ్చు. 6 దగ్గర ఆ దారి మూసుకుని ఉంటుంది.

ఆ గుండె వేగాన్ని గీసే సీటీజీ యంత్రం గురించి ఒక మాట. బిడ్డ బాగుందని అది చూపిస్తే చాలావరకు నమ్మవచ్చు. బాగాలేదని చూపించినప్పుడు మాత్రం చాలాసార్లు ఉత్త భయమే అవుతుంది. నొప్పులంతసేపూ ఈ యంత్రం తగిలించి ఉంచితే సిజేరియన్లు పెరుగుతాయని పరిశోధనల్లో తేలింది కూడా. అందుకే పరుగున తీసుకెళ్లి కోసి తీసిన బిడ్డ కేరుమని ఏడ్చి, ‘ఇంత చక్కగా ఉంటే ఎందుకు కోశారు?’ అని ఇంటివాళ్లు అడిగే సందర్భాలు తక్కువేమీ కాదు. ఆ నిమిషంలో నిర్ణయం తీసుకునేవాళ్లకు తర్వాతి సంగతి తెలియదు, ఆగి చూద్దామనుకుంటే పణంగా పెట్టాల్సింది బిడ్డ మెదడును. మీ పాపకు పుట్టగానే ఊపిరి ఇబ్బంది వచ్చింది. సిజేరియన్‌తో పుట్టిన పిల్లల్లో ఊపిరితిత్తుల్లోని నీరు ఆరడం ఆలస్యమై కూడా ఇలా జరుగుతుంది కాబట్టి దీన్ని రుజువుగా చెప్పను. కానీ అన్నీ కలిపి చూస్తే, నేనక్కడ ఉన్నా థియేటర్‌కే పంపేదాన్ని.

తుది మాట చెప్పాల్సింది మీ కేసు షీటు. అది అడిగి తీసుకునే హక్కు మీకుంది. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్య మండలి నిబంధనలే చెబుతున్నాయి. డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోకుండా ఆపరేషన్ నోట్స్, లేబర్ చార్టు, సీటీజీ పట్టీల నకళ్లు అడగండి. వాటిని పట్టుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆ రాత్రి ఏం జరిగిందో వరుసగా చెప్పమనండి. ఇది తగవు పెట్టుకోవడం కాదు. ప్రాణం మీదికొచ్చిన ఆ పది నిమిషాల్లో వివరించే తీరిక లేకపోవచ్చు, మర్నాడు రౌండ్లకు వచ్చినప్పుడు ఉంటుంది కదా. మంచం పక్కన ఐదు నిమిషాలు కూర్చుని చెప్పి ఉంటే మీరు నాలుగు నెలలుగా ఈ ప్రశ్నలు మోయాల్సి వచ్చేది కాదు. చాలా ఆసుపత్రుల్లో ఈ అలవాటు లేదు, అది మా లోపం.

మీరు చేసిన పొరపాటు? ఏదీ లేదు. నడక, యోగా మీ ఒంటికి మేలే చేశాయి. ఆపరేషన్ తర్వాత త్వరగా తేరుకోవడానికీ అవే పనికొస్తాయి. మాయ ఎంతకాలం చురుగ్గా పనిచేస్తుంది, బిడ్డ తల ఏ వైపు తిరుగుతుంది, బొడ్డుతాడు ఎక్కడ నొక్కుకుంటుంది అన్నవి వ్యాయామానికి లొంగవు. ‘మా దగ్గర చేరితే నార్మల్ గ్యారంటీ’ అని ప్రచారం చేసుకునే తరగతుల మీద నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఫలితం బాగుంటే గొప్ప వాళ్లది, తేడా వస్తే తప్పు తల్లిది.

అనుకున్నట్లు జరగకపోవడమంటే సిజేరియన్ ఒక్కటే కాదు. నార్మల్ అయిందని ఇంట్లో స్వీట్లు పంచుతుంటారు. లోపల తల్లికి రక్తస్రావం ఆగక రక్తం ఎక్కిస్తుంటారు, లేదా మలద్వారం దాకా చిరిగి కుట్లు వేస్తుంటారు. ఆమె బాధ చెప్పుకోబోతే ‘నార్మలే కదా, ఇంకేమిటి’ అంటారు. కాన్పును పాస్, ఫెయిల్ అని తేల్చేసే మన అలవాటు వాళ్లనూ వదలదు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నానన్న మాట. కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఊరికే ఏడుపు రావడం, చిరాకు, దిగులు చాలామంది బాలింతలకు మామూలే. వాటంతట అవే పోతాయి. నాలుగు నెలలైనా ఆ శబ్దం వినిపిస్తోందంటే దాన్ని ‘బాలింత నీరసం’ అని వదిలేయకూడదు. ప్రాణభయం కలిగించిన సంఘటనను మెదడు పదేపదే తిప్పి చూపించడం ఇది. ప్రమాదాల్లోంచి బయటపడ్డవాళ్లలో కనిపించే ఈ జబ్బు కాన్పు తర్వాత కూడా వస్తుంది. ఆసుపత్రి ఉన్న వీధిలోకి వెళ్లాలంటేనే భయం, కాన్పు ఊసెత్తితే గుండెదడ, పాప ఊపిరి తీస్తోందా లేదా అని అస్తమానం చూడటం వంటివి కూడా ఉన్నాయేమో గమనించుకోండి. దీనితోపాటు కుంగుబాటు కూడా ఉండవచ్చు. దాన్ని పసిగట్టడానికి ‘ఎడిన్‌బరో స్కేల్’ అని పది ప్రశ్నల పట్టిక ఉంది, సైకియాట్రిస్టు దగ్గర ఐదు నిమిషాల్లో పూర్తవుతుంది. ఈ రెండింటికీ మంచి చికిత్సలున్నాయి. చాలామందికి కౌన్సెలింగ్ సరిపోతుంది. మందులు అవసరమైనా పాలు మాన్పించకుండానే వాడదగినవి ఉన్నాయి కాబట్టి ఆ భయంతో వాయిదా వేయవద్దు. వెంటనే వెళ్లడం కుదరకపోతే 14416కు ఫోను చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్, ఉచితం, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు. ఒకవేళ చనిపోవాలనో, పాపను ఏమైనా చేయాలనో ఆలోచన వస్తే, పాప నిద్రపోయినా మీకు బొత్తిగా నిద్ర పట్టకపోతే, ఎవరో చెవిలో మాట్లాడుతున్నట్లనిపిస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, ఒంటరిగా ఉండకూడదు.

పాపను చూసినప్పుడు ఏమీ అనిపించలేదని రాశారు. 18 గంటల నొప్పులు, మత్తు, భయం, పైగా బిడ్డ వేరే గదిలో. ఆ స్థితిలో మనసు మొద్దుబారడం వింతేమీ కాదు. ప్రేమ మొదటి చూపులోనే పుట్టాలన్న నియమం లేదు, కొందరికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు. ఇప్పటికీ పాప మీద మనసు పోవడం లేదనిపిస్తే ఆ సంగతి కూడా సైకియాట్రిస్టుకు దాచకుండా చెప్పండి.

రెండో కాన్పు నార్మల్ కావచ్చు. ఒక సిజేరియన్ తర్వాత సాధారణ ప్రసవానికి ప్రయత్నించిన ప్రతి 100 మందిలో 60 నుంచి 80 మందికి అది నెరవేరుతోంది. బిడ్డ గుండె వేగం తగ్గి ఆపరేషన్ అయినవారికి, తల పట్టక ఆపరేషన్ అయినవారికంటే అవకాశాలు మెరుగు, ఎందుకంటే ఆ కారణం మళ్లీ రావాలని లేదు. ముప్పు లేదని మాత్రం అనను. పాత కోత దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం 200 మందిలో ఒకరికి ఉంటుంది. అదీ గర్భసంచి మీద కోత కింది భాగంలో అడ్డంగా పెట్టి ఉంటేనే. నిలువు కోతైతే ఆ ప్రయత్నమే చేయకూడదు. ఇక్కడ చాలామంది పొరబడతారు: పొట్ట మీద కనిపించే మచ్చ అడ్డంగా ఉన్నంతమాత్రాన లోపల గర్భసంచి మీది కోత కూడా అడ్డంగా ఉన్నట్లు కాదు. అది ఆపరేషన్ నోట్స్‌లోనే ఉంటుంది. ఆ కాగితాన్ని ఫొటో తీసి దాచుకోండి, మళ్లీ గర్భం వచ్చినప్పుడు మొదటి చెకప్‌లోనే చూపించండి. అయిదో నెల స్కానింగ్‌లో మాయ పాత కోత మీద అతుక్కుందా అన్నది ప్రత్యేకంగా చూడమని అడగండి. సిజేరియన్ల సంఖ్య పెరిగేకొద్దీ ఆ ముప్పు పెరుగుతుంది. అవసరం లేని కోతలు వద్దని మేము పోరేది అందుకే. ప్రసవానికి ఎంచుకునే ఆసుపత్రిలో 24 గంటలూ థియేటర్, మత్తు డాక్టర్, రక్తం అందుబాటులో ఉండాలి. ఇంత చెప్పాక ఇదీ చెప్పాలి: మీకు మళ్లీ ఆ నొప్పుల గదిలోకి వెళ్లడం ఇష్టం లేక, ముందుగానే తేదీ అనుకుని సిజేరియన్ చేయించుకుంటానన్నా నేను తప్పు పట్టను.

ఈ కాన్పుకూ తర్వాతి గర్భానికీ కనీసం 18 నెలలు, వీలైతే రెండేళ్లు ఎడం ఉండనివ్వండి. పాలిస్తున్నంతకాలం గర్భం రాదని నమ్మవద్దు. ఆరు నెలల్లోపు, పాపకు పూర్తిగా మీ పాలే పడుతూ, నెలసరి ఇంకా మొదలుకాకపోతేనే ఆ మాట కొంతవరకు నిజం. కాపర్-టీ ఇప్పుడైనా వేయించుకోవచ్చు.

వెన్నులో మత్తు ఇంజెక్షన్ వల్ల దీర్ఘకాలం నడుము నొప్పి రాదు. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండవచ్చు, అంతే. నార్మల్ అయినవాళ్లకూ నడుము నొప్పి వస్తుంది: గర్భంలో వదులైన కీళ్లు, సాగిన పొట్ట కండరాలు, వంగి కూర్చుని పాలివ్వడం దానికి కారణాలు. పాపను ఒళ్లోకి తీసుకుని మీరు ముందుకు వంగకుండా, చేతి కింద దిండు పెట్టి పాపనే మీ ఎత్తుకు తెచ్చుకోండి, వీపుకు ఆనుడు ఉండాలి. పొట్ట, నడుము కండరాల వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని మొదలుపెట్టవచ్చు. నొప్పి కాలిలోకి దిగినా, తిమ్మిరి వచ్చినా ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి.