దేవుడు ఇదివరకు చేసినవి గుర్తున్నా రేపటి గురించి దిగులు ఎందుకు పోదు?

గుర్తుండటం వేరు, గుర్తు చేసుకోవడం వేరు. మార్కు 8వ అధ్యాయంలో శిష్యులు పడవలో ఒక్క రొట్టె ఉందని కంగారుపడతారు. అంతకుముందే యేసు కొద్ది రొట్టెలతో మొదట అయిదు వేలమందికి, తర్వాత నాలుగు వేలమందికి తినిపించినప్పుడు వడ్డించినవాళ్లు వాళ్లే. యేసు ‘మిగిలిన ముక్కలు ఎన్ని గంపలు ఎత్తారు?’ అని అడిగితే పన్నెండు, ఏడు అని తడుముకోకుండా చెప్పారు. లెక్క తెలుసు, దాన్ని ఆ రోజు అవసరానికి వర్తింపజేయలేదు.

నిర్గమకాండము 16లో మన్నా, అంటే అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం, దొరికిన పద్ధతి చూడండి. మనిషికి రోజుకు ఒక ఓమెరు, అంటే సుమారు రెండు లీటర్లు. మర్నాటికి దాస్తే పురుగు పట్టి కంపు కొట్టింది. ఆరో రోజు మాత్రం మర్నాటి విశ్రాంతి దినానికి కూడా కలిపి రెండింతలు, అది చెడలేదు. అయితే పొద్దున్నే వెళ్లి ఏరుకోవాలి, ఎండెక్కితే కరిగిపోయేది. నమ్మకం అంటే చేతులు కట్టుకు కూర్చోవడమనుకునేవాళ్లు ఈ మాట దాటేస్తుంటారు. ఒక ఓమెరు మన్నాను పాత్రలో పోసి తర్వాతి తరాలకు చూపడానికి ఉంచమన్నాడు దేవుడు. జ్ఞాపకానికి వస్తువు కావాలన్నమాట.

మీకు ఆ మన్నా పాత్ర లాంటిది ఒక నోటుబుక్కు. తేదీ, అవసరం, అది ఎలా తీరింది: మూడు గడులు చాలు. పెద్ద అద్భుతాలే రాయాలనుకుంటే వారంలో ఆగిపోతుంది (చాలామంది ఆగేది ఇక్కడే). సమయానికి దొరికిన పని, తగ్గిన జ్వరం కూడా రాయండి. తీరనివాటి గడి ఖాళీగా వదలండి, కొట్టేయకండి. ప్రార్థనకు ముందు పాత పేజీ ఒకటి పైకి చదివి, తర్వాత ఈరోజుకు కావలసింది మాత్రమే పేరుపెట్టి అడగండి. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఆహారం అడిగింది కూడా ఆ రోజుకే.