ఆ పిల్ల ఏ లెక్కలో కనిపిస్తుంది?

ప్రశ్న: మహిళల హక్కుల విషయంలో తాము సాధించిన ప్రగతిని ప్రభుత్వాలు ఐక్యరాజ్య సమితికి నివేదిస్తాయని చదివాను. మా ఊళ్ళో తొమ్మిదో తరగతి చదివే పిల్లను తల్లిదండ్రులు మిరపకాయల సుగ్గికి (కోత పనుల వలసకు) గుంటూరు వైపు వెంట తీసుకుపోయి, తిరిగి వచ్చాక ఉగాది దాటగానే పెళ్ళి చేశారు. ఇలాంటి పిల్ల సంగతి ఆ సమీక్షలకు చేరుతుందా?
- పొదుపు సంఘం సభ్యురాలు, ఆదోని మండలం

జవాబు: చేరుతుంది, కానీ ఏళ్ళు గడిచాక, అదీ పేరూ ఊరూ లేని ఒక శాతంగా చేరుతుంది.

సమీక్షలు ముఖ్యంగా రెండు. 1995లో బీజింగ్‌లో 189 దేశాలు ఒప్పుకున్న కార్యాచరణ ఎంతవరకు అమలైందో న్యూయార్క్‌లోని మహిళా స్థితిగతుల కమిషన్ అయిదేళ్ళకొకసారి చూస్తుంది. అక్కడ ప్రభుత్వాలు తమ పనిని తామే రాసుకుని వస్తాయి. అంతకంటే గట్టిది 1979 నాటి స్త్రీ వివక్ష నిర్మూలన ఒడంబడిక. దీని కింద 23 మంది నిపుణుల సంఘం ప్రభుత్వ ప్రతినిధులను ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నిస్తుంది, మహిళా సంఘాలు విడిగా ఇచ్చే ప్రత్యామ్నాయ నివేదికలను కూడా చదువుతుంది. ఆ నిపుణుల సంఘానికి శిక్షించే అధికారం లేదు. అంతమాత్రాన ఒడంబడిక ఉత్త కాగితమని నేను అనుకోను, ఎందుకంటే 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఆధారం చేసుకునే పనిచోట లైంగిక వేధింపులపై మార్గదర్శకాలు ఇచ్చింది, 2013 నాటి చట్టం వాటి నుంచే వచ్చింది.

ఇక మీరు చెప్పిన పిల్ల సంగతి. బాల్య వివాహం చెల్లదని, పెళ్ళిళ్ళ నమోదు తప్పనిసరి చేయాలని ఒడంబడిక 16వ అధికరణం చెబుతుంది. మన దేశం 1993లో దాన్ని ఆమోదిస్తూ, ఇన్ని ఆచారాలూ మతాలూ ఉన్న ఇంత పెద్ద దేశంలో తప్పనిసరి నమోదు ఆచరణలో సాధ్యం కాదని ఒక ప్రకటన జతచేసింది. అయితే మన రాష్ట్రమే 2002లో నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. నమోదు కాని పెళ్ళికి తేదీ ఉండదు, వధువు వయసు ఏ రికార్డుకూ ఎక్కదు.

నివేదికల్లో తరచుగా చూపే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయింది; దేశం మొత్తం మీద ఆ సంఖ్య 23.3. ఇక్కడ వయసును గమనించండి. మీ ఊరి పిల్లకు ఇరవై నిండితే గాని ఈ లెక్కలోకి రాదు, అప్పటికి ఆమె ఒడిలో బిడ్డ కూడా ఉండవచ్చు. ప్రభుత్వం తన నివేదికలో 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టాన్ని ప్రగతిగా చూపుతుంది. చట్టం ఉందన్నది నిజమే, కానీ ఈ ఏడాది అది మీ మండలంలో ఎన్ని పెళ్ళిళ్ళను ఆపిందన్నదే నాకు అసలైన సమీక్ష.

ఆ సమీక్షను మీరే మొదలుపెట్టవచ్చు. బాల్య వివాహ నిషేధ అధికారికి ఈ ఏడాది వచ్చిన ఫిర్యాదులెన్ని, ఆగిన పెళ్ళిళ్ళెన్ని, తిరిగి బడిలో చేరిన పిల్లలెందరు అని సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద రాసి అడగండి. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. జవాబుకు గడువు 30 రోజులు. వచ్చిన జవాబును గ్రామసభలో చదవండి, ప్రత్యామ్నాయ నివేదికలు రాసే మహిళా సంఘాలకూ ఒక ప్రతి పంపండి. మరో పెళ్ళి మాట వినబడితే వెంటనే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

జరిగిపోయిన పెళ్ళి విషయంలోనూ దారి మూసుకుపోలేదు. తన పెళ్ళిని రద్దు చేయమని జిల్లా కోర్టును కోరే హక్కు ఆ పిల్లకు ఇరవై ఏళ్ళు నిండేవరకు ఉంటుంది. ఈలోగా ఆమె తరఫున సంరక్షకులు బాల్య వివాహ నిషేధ అధికారితో కలిసి పిటిషన్ వేయవచ్చు. కోర్టు సంగతి అలా ఉంచి, ముందు ఆమెతో ఒకసారి మాట్లాడి, చదువుకోవాలని ఉందంటే బడి మానేసిన ఆడపిల్లలకు వసతితో చదువు చెప్పే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో, వచ్చే సుగ్గి మొదలయ్యేలోగా, చోటు ఉందేమో అడగండి.