సెలవుకొచ్చినప్పుడే పట్టుకోవాలి

చిరంజీవి తమ్ముడికీ, మరదలికీ అక్క ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి రెండు ముక్కల్లో చెప్పలేక కాగితం తీశాను. మీ బావ పక్కన కూచుని ప్రతి లైనుకీ అడ్డం వస్తుంటే పాలకి పంపాను. మీరిద్దరూ ఒకే ఏడాది రిటైరై ఇంట్లో ఊరికే కూచోకుండా, మీ చుట్టుపక్కల ఊళ్ళలో మిలిటరీ వాళ్ళ కుటుంబాలకి ఏదైనా చేద్దామనుకోవడం బాగుంది. పదకొండేళ్ళుగా మేం చేస్తున్నదే కాబట్టి మమ్మల్ని అడిగావు. చేతనైనవీ, చెడగొట్టినవీ రెండూ రాస్తాను.

ఈ పని అంటే డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి చందా డబ్బా పట్టుకు తిరగడం, జూలై 26న కార్గిల్ విజయ దినం నాడు దండ వెయ్యడం అనుకుంటారు చాలామంది. అవి చెయ్యండి, తప్పులేదు. అసలు పని మాత్రం పేర్లు సరిచేయించడం. నవ్వకు. మనకి ఇంటిపేరు ముందు, హిందీ వాళ్ళకి వెనక. భర్తీ రోజున అక్కడి గుమాస్తా ఫస్ట్ నేమ్ ఏది, లాస్ట్ నేమ్ ఏది అని హిందీలో అడుగుతాడు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు తోచింది చెబుతాడు. పెళ్ళయ్యాక భార్య పేరు రికార్డులో ‘సత్యవతి’ అని రాయిస్తాడు. ఆధార్‌లో ఆవిడ పూర్తి పేరు ‘వెంకట సత్యవతి’. బ్యాంకు పుస్తకంలో ‘సత్యవతమ్మ’. ముగ్గురూ ఒకటేనని ఊరందరికీ తెలుసు, కంప్యూటర్‌కి తెలియదు. పుట్టిన తేదీల సంగతి ఇక అడక్కు. బళ్ళో చేర్చుకునేటప్పుడు నోటికొచ్చిన తేదీ వేసిన టీచర్లలో నేనూ ఉన్నాను. జూన్ ఒకటి అని ఎంతమందికి వేశానో! ఇప్పుడు ఆ పాపం కడుక్కుంటున్నానని మీ బావ ఎత్తిపొడుస్తుంటారు.

జవాను బతికున్నంతకాలం ఈ తేడాలు ఎవరికీ కనపడవు. పోయాక కుటుంబ పింఛను దగ్గర ఒక్కో అక్షరం ఒక్కో గోడ అవుతుంది. మా మండలంలో ఒకావిడకి ఒక్క అక్షరం తేడాకి పద్నాలుగు నెలలు పింఛను ఆగింది. ఆ పద్నాలుగు నెలలూ ఆవిడ రొయ్యల షెడ్డులో పనికెళ్ళింది.

అందుకే జవాను సెలవుకొచ్చినప్పుడే పట్టుకోవాలి. రెగ్యులర్ జవానుకి ఏడాదికి అరవై రోజుల వార్షిక సెలవు ఉంటుంది, మనవాళ్ళు ఎక్కువమంది సంక్రాంతికో, వేసవి పెళ్ళిళ్ళకో వేసుకుంటారు. వచ్చిన మొదటి మూడు రోజులు ఇంటి వైపు చూడకండి, అది వాళ్ళ సమయం. నాలుగో రోజు వెళ్ళి ఆధార్, బ్యాంకు పుస్తకం, పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల జనన ధ్రువపత్రాలు మంచం మీద పరిచి పక్కపక్కన పెట్టి చదవండి. పైకి చదవాలి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు చూడాలి. తేడా కనిపిస్తే ఏ కాగితం మార్చడం తేలికో అది మార్చాలి. సర్వీసులో ఉన్నవాడైతే పెళ్ళీ, పిల్లల పుట్టుకా యూనిట్ ఆఫీసు ద్వారా ‘పార్ట్ టూ ఆర్డర్’లో, అంటే కుటుంబ వివరాలు సైన్యం రికార్డుకెక్కించే ఉత్తర్వులో, పడ్డాయో లేదో అడగండి. అది పడకపోతే ప్రభుత్వం లెక్కలో ఆ కుర్రాడికి పెళ్ళే కాలేదు. రిటైరైనవాడైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డు ఆఫీసుకి రాయాలి. మీ బావ ఈఎంఈ, అంటే సైన్యంలో వాహనాలూ యంత్రాలూ బాగుచేసే దళం, కాబట్టి ఆయన రికార్డు ఆఫీసు సికింద్రాబాద్. ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్డు, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్. ఏ దళమో కనుక్కోకుండా ఉత్తరం రాస్తే అది దేశమంతా తిరిగొస్తుంది.

మా పక్కనున్న మాధవరంలో ఇవన్నీ మనం చెప్పక్కర్లేదు. మిలిటరీ మాధవరం అని పేరే పడింది, ప్రతి వీధిలోనూ ఒక మాజీ సైనికుడు అరుగు మీద కూచుని చెబుతాడు. ఊరికి ముగ్గురో నలుగురో ఉన్న చోట్లే మన అవసరం. అక్కడ జవాను భార్యకి అడగడానికి ఎవరూ ఉండరు.

ఇంటికి ఇద్దరూ కలిసే వెళ్ళండి. ఇది నేర్చుకోవడానికి మేం ఒక తప్పు చేశాం. మొదలుపెట్టిన రెండో ఏడు, ఒక జవాను పోయిన ఇంటికి వెళ్ళాం. మామగారు పెద్దమనిషి, కుర్చీలు వేయించారు, కాఫీలిప్పించారు. కాగితాలన్నీ ఆయనతోనే మాట్లాడాం. ఆ జవాను భార్యకి ఇరవై నాలుగేళ్ళు. తలుపు వెనక నిలబడి ఉంది, నాకు గాజుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. లోపలికి వెళ్ళి పక్కన కూచోవాలని నాకు తట్టలేదు. ఆరు నెలలు తిరక్కుండా వచ్చిన డబ్బులో సగం మరిది ఇంటి స్లాబుకి పోయింది. ఆమె సంతకం పెట్టింది, ఎందుకు పెట్టిందో ఆమెకి తెలియదు. మామగారిని దొంగ అనలేను. ఆయన లెక్కలో అది ఇంటి డబ్బు, అంతే. కానీ మేం వాకిట్లో కూచోబట్టే అలా జరిగింది.

ఇప్పుడు మా పద్ధతి ఇది. మీ బావ వాకిట్లో మగవాళ్ళతో కూచుంటారు, నేను వంటింట్లోకి వెళతాను. మరదలు ఏఎన్‌ఎంగా ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగిన మనిషి, ఆమెకి నేను చెప్పేదేముంది! పాస్‌బుక్, ఏటీఎం కార్డు, ఫోన్ ఆ అమ్మాయి చేతిలోనే ఉండేలా చూడండి. పెద్ద మొత్తం ఏదొచ్చినా ఆరు నెలలు ఫిక్స్‌డ్‌లో వేసి మరిచిపొమ్మని చెప్పండి. అత్తగారి వైపు కూడా వినండి. కొడుకు పోయిన తల్లికి కోడలి చేతిలో పాస్‌బుక్ చూస్తే కలిగే బాధ చిన్నది కాదు. ఇద్దరినీ ఒకే గదిలో కూచోబెట్టి తీర్పు చెప్పాలని మాత్రం చూడకు తమ్ముడూ, నీకు బ్యాంకు మేనేజరు అలవాటు ఇంకా పోలేదు. పాలసీల గురించి నోరెత్తకు కూడా. ఒక్క పాలసీ కట్టించావంటే నిన్ను ఏజెంటు అంటారు, ఇక ఏ ఇంటి తలుపూ తెరుచుకోదు.

మరణవార్త వచ్చిన రోజు మన పని చాలా చిన్నది. కుర్చీలు, మంచినీళ్ళు, పిల్లలకి అన్నం, టీవీ వాళ్ళు వంటింట్లోకి రాకుండా చూడడం. మిగతాదంతా యూనిట్ వాళ్ళూ, కలెక్టరాఫీసు వాళ్ళూ చూస్తారు. అయితే శవపేటికతో వచ్చే సుబేదారుకి హిందీయే వస్తుంది, ఇంట్లోవాళ్ళకి తెలుగే వస్తుంది. అక్కడ మీ బావ మధ్యలో నిలబడతారు. ఒకసారి ఆయన అనువాదంలో ఒక ముక్క కలిపారు. ‘ఏమీ బాధపడకుండా పోయాడట’ అని. సుబేదారు ఆ మాట అనలేదు. ఏడాది తర్వాత కుర్రాడి స్నేహితులు సెలవుకొచ్చి తండ్రికి జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆ తండ్రి ఇప్పటికీ మీ బావ ఎదురైతే తల తిప్పుకుంటాడు. అప్పటినుంచి ఈయన ఒక్క మాట కలపరు, ఒక్క మాట తియ్యరు.

కొన్ని వారాలకి పోయిన జవాను సామానుతో నల్ల ట్రంకు పెట్టె వస్తుంది. దాన్ని తెరిచేటప్పుడు పిలిస్తే వెళ్ళండి, పిలవకపోతే వద్దు. ఒక ఇంట్లో యూనిఫాం ఉతికి ఇస్త్రీ చేసి పంపారు. తల్లి దాన్ని మొహానికి ఆనించుకుని, ‘ఎందుకు ఉతికారు?’ అని నన్నడిగింది. ఏం చెబుతాం. కూచున్నాను.

2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు మా ఇంట్లో అయిదుగురు జవాన్ల భార్యలు పిల్లలతో నాలుగు రాత్రులు పడుకున్నారు. భర్తల ఫోన్లు స్విచ్ఛాఫ్. టీవీలో సైరన్ల మోత, అడ్డమైన వార్తలు. మీ బావ వైరు పీకి బీరువాలో పెట్టి తాళం వేశారు. ‘ఫోను పలకడం లేదంటే యూనిట్ కదిలిందని, అంతే. నిజమైన కబురు వాట్సాప్‌లో రాదు, యూనిట్ వాళ్ళే చెబుతారు’ అని ఆయన చెప్పిన మాటకి కాస్త కుదుటపడ్డారు. మినపప్పు రుబ్బించాను, చేగోడీలు వండించాను, చేతులకి పని ఉండాలని. మరదలికి ఇది ముఖ్యం: ఆ సమయంలో ‘ఎక్కడున్నాడమ్మా?’ అని అడగకండి. పక్కవాళ్ళు అడిగితే కూడా ‘డ్యూటీలో’ అని ఊరుకోమనండి. యూనిఫాం ఫోటోలు, ఊరి పేర్లు స్టేటస్‌లో పెట్టొద్దని పిల్లలకి కూడా చెప్పండి.

అప్పుడే గోరంట్ల మండలం కల్లితండాకి చెందిన మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర వీరమరణం పొందాడు. అగ్నివీర్. ఆ మర్నాటినుంచి కొడుకుల్ని అగ్నివీర్‌గా పంపిన తల్లులు మా గుమ్మంలో వరసకట్టారు. వాళ్ళకి తీపి మాటలు చెప్పకండి, ఉన్నది చెప్పండి. 2022లో వచ్చిన ఈ అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్ళ కొలువు. నాలుగో వంతుకి మించకుండా రెగ్యులర్‌లోకి తీసుకుంటారు. సర్వీసులో పోతే 48 లక్షల బీమా ఉంది, దానికి జీతంలో కోత లేదు. నాలుగేళ్ళయ్యాక బయటికొస్తే పింఛను లేదు, మిలిటరీ ఆస్పత్రి కార్డు లేదు, క్యాంటీన్ లేదు. అందుకని బయటికొచ్చే కుర్రాడికి ఆఖరి ఏడాదే ఏదో ఒక చదువుకో, పరీక్షకో దరఖాస్తు పెట్టించండి. నాకీ పథకం మీద కోపం ఉంది, అది నా సొంతం. వాళ్ళ ముందు వెళ్ళగక్కి ప్రయోజనం లేదు.

ముసలివాళ్ళ దగ్గర పని తేలిక, ఓపికే కావాలి. ఇప్పుడు మిలిటరీ పింఛన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారాయి, ఏడాదికోసారి బతికున్నట్టు రుజువు చూపాలి. నాట్లు వేసిన చేతులకి వేలిముద్రలు అరిగిపోతాయి, మెషీన్ ఒప్పుకోదు. ముఖం చూసి ఒప్పుకునే యాప్ వచ్చాక నయం. మా వీధి చివరి అవ్వకి ఎనభై రెండు. వరండాలో వెలుతురు మొహాన పడేలా పీట వేసి, కళ్ళజోడు తీయించి ఫోను పట్టుకున్నాను. కళ్ళు ఆర్పమంది యాప్. ‘అవ్వా, కళ్ళు ఆర్పు’ అంటే చీరకొంగుతో తుడుచుకుంది. మళ్ళీ అన్నాను, ఈసారి గట్టిగా మూసుకుని దణ్ణం పెట్టింది. ఏడోసారికి కోడిపిల్ల అరుగెక్కితే దాన్ని అదిలిస్తూ కళ్ళార్పింది. ‘సక్సెస్’ అని పడింది. అవ్వ సంగతి అలా ఉంచి, ఓటీపీ సంగతి మాత్రం సీరియస్. ‘స్పర్శ్ నుంచి మాట్లాడుతున్నాం, మీ పింఛను ఆగిపోతుంది’ అని మోసగాళ్ళ ఫోన్లు వస్తున్నాయి. మీరు కూడా వాళ్ళ ఓటీపీ మీ ఫోన్లోకి రానివ్వకండి, పాస్‌వర్డ్ మీ పుస్తకంలో రాసుకోకండి. రేపు ఏదైనా తేడా వస్తే మొదటి అనుమానం మీ మీదే.

ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డులుంటే ఆ పథకం పాలీక్లినిక్ నుంచి రిఫరల్ తీసుకుని ప్యానెల్ ఆస్పత్రికి, అంటే వాళ్ళ జాబితాలో ఉన్నదానికి, వెళ్ళాలి. గుండెనొప్పిలాంటిదైతే తిన్నగా వెళ్ళొచ్చు. ప్యానెల్‌లో లేని చోట చేరాల్సి వస్తే 48 గంటల్లోపు పాలీక్లినిక్‌కి చెప్పాలి. ఒక ఆస్పత్రి బిల్లు విషయంలో ఇది చెప్పడం మరిచి మేమే ఒకరికి నష్టం తెచ్చాం, అందుకే గుర్తుచేస్తున్నా. పిల్లల చదువుకి ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది, ఆడపిల్లకి నెలకి 3,000, మగపిల్లాడికి 2,500. అర్హత పరీక్షలో 60 శాతం రావాలి. రిటైరైనవాళ్ళ పిల్లలకీ, భర్త పోయినవాళ్ళ పిల్లలకీ మాత్రమే. సర్వీసులో ఉన్నవాడి పిల్లలకి పెట్టించి ఒకసారి మేం నాలుక కరుచుకున్నాం.

ఇక గట్టు తగాదాలు. జవాను లడఖ్‌లో ఉంటాడు, ఇక్కడ పక్క రైతు ఏటా దుక్కి దున్నేటప్పుడు జానెడు గట్టు జరుపుతాడు. మీరు మధ్యవర్తిగా వెళ్ళకండి. ఆ ఊళ్ళో మీరు ఉండాలి కదా. యుద్ధ పరిస్థితుల్లాంటి చోట పనిచేసే సైనికుడి మీద అతను లేనప్పుడు కోర్టు దావా నడవకుండా ఆపడానికి 1925 నాటి చట్టం ఒకటుంది, చాలామంది ప్లీడర్లకి కూడా గుర్తుండదు. 2025 జూలైలో నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) వాళ్ళు సైనిక కుటుంబాలకి ఉచిత న్యాయసహాయం పథకం మొదలుపెట్టారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి పంపి, మీరు పక్కకి తప్పుకోండి.

ఆటో ఖర్చు మనదే పెట్టుకోండి. కాఫీ తాగండి, అది కాదంటే బాధపడతారు. అప్పు మాత్రం ఇవ్వకండి, తీసుకోకండి. నెలకి ఆరేడు ఇళ్ళకి మించి ఒప్పుకోకండి. మేం మొదట్లో ముప్పై ఇళ్ళు రాసుకుని, ఎవరికీ సరిగ్గా చెయ్యలేక, మీ బావకి బీపీ తెచ్చుకున్నాం.

భోగికి రెండు రోజుల ముందే ఇద్దరూ వచ్చెయ్యండి. ఈసారి నలుగురు కుర్రాళ్ళు సెలవుకి వస్తున్నారు, ఒకడికి పార్ట్ టూ ఆర్డర్ ఇంకా పడలేదు, వాడి పిల్లకి అప్పుడే ఏడాది నిండింది. మాతో ఆ నాలుగిళ్ళూ తిరగండి. మరదల్ని పాత చెప్పులు తెచ్చుకోమను, రెండిళ్ళకి చేలగట్ల మీదే నడవాలి. నీ చదువుకునే కళ్ళజోడు మరిచిపోకు.

గేటు చప్పుడైంది. మీ బావ పాలు తెచ్చినట్టున్నారు. ఉంటాను.

మీ అక్క